కంట్రోలర్ కొనే ముందు వెనక్కి తిప్పి చూడండి

సంపాదకుల వారికి,

పత్రికల్లో డీజే అన్న మాట రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి శబ్ద కాలుష్యం వార్తల్లో, రెండోది స్వయం ఉపాధి పేజీల్లో. మొదటి సంగతి అందరికీ తెలిసిందే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు కూడా. ఇక మిగిలింది ఫంక్షన్ హాలు లోపలి పని: సంగీత్‌లు, రిసెప్షన్లు, పుట్టినరోజులు. అక్కడ బాక్సులు చిన్నవి, సౌండు తక్కువ. బండి మీద అదురుడులో దాక్కునే లోపాలన్నీ హాల్లో బయటపడతాయి. ఆ పనికి ఏ సామాను కొనాలో చెప్పాల్సిన రెండో రకం పేజీలు మాత్రం "ఒక ల్యాప్‌టాప్, ఒక కంట్రోలర్ ఉంటే చాలు" అని తేల్చేస్తున్నాయి. కంట్రోలర్ అంటే ల్యాప్‌టాప్‌లోని పాటలను చేత్తో నడిపి, కలిపి వాయించే పెట్టె. ఆ మాట నమ్మి అప్పు చేసి కొనబోయే కుర్రాళ్ల కోసం ఈ ఉత్తరం.

దుకాణంలో కంట్రోలర్‌ను ఎప్పుడూ ముందు నుంచే చూపిస్తారు. రంగురంగుల ప్యాడ్లు, పెద్ద జాగ్ వీల్స్ (పాటను చేత్తో తిప్పే గుండ్రటి పళ్లేలు), నాలుగు చానెళ్లు, వరసగా ఎఫెక్టులు. మా సలహా ఏమిటంటే, ముందు దాన్ని వెనక్కి తిప్పండి. సౌండు బయటికి వెళ్లే సాకెట్లు ఏవో చూడండి. ఎరుపు, తెలుపు రంగుల ఆర్‌సీఏ జత ఒక్కటే ఉందా, లేక మైకు అడుగున ఉండేలాంటి మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కూడా ఉందా? మీ పాట హాల్లో శుభ్రంగా వినిపిస్తుందా, గుయ్యిమంటుందా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

పేర్లతోనే చెబుతాం. పయనీర్ డీజే వారి డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్6లో నాలుగు చానెళ్లు, పూర్తి సైజు జాగ్ వీల్స్ ఉన్నాయి. వెనక హాలు స్పీకర్లకు వెళ్లే మాస్టర్ అవుట్ మాత్రం ఆర్‌సీఏ ఒక్కటే. అదే కంపెనీ 2019లో తెచ్చిన డీడీజే-800లో చానెళ్లు రెండే, కానీ ఎక్స్‌ఎల్‌ఆర్ మాస్టర్ ఉంది, దానితో పాటు వేరే వాల్యూమ్ బటన్‌తో బూత్ అవుట్ (డీజే దగ్గరి స్పీకర్‌కు వెళ్లేది) కూడా ఉంది. ఇంట్లో నేర్చుకోవడానికీ, వీడియోలు చేసుకోవడానికీ మొదటిది బాగానే ఉంటుంది. ఫంక్షన్ హాలు పనికైతే మేం రెండోదే తీసుకోమంటాం, పాతదైనా సరే. పెళ్లి రిసెప్షన్లో నాలుగు పాటలు ఒకేసారి కలిపే సందర్భం ఎన్నిసార్లు వస్తుంది? పదిహేను మీటర్ల వైరు లాగాల్సిన సందర్భం మాత్రం ప్రతి హాల్లోనూ వస్తుంది.

ఆర్‌సీఏ వైరులో సిగ్నల్ తీగ ఒకటి, దాని చుట్టూ అల్లిక ఒకటి, అంతే. దారిలో కరెంటు వైర్లు, డిమ్మర్లు, ఎల్‌ఈడీ గోడల సప్లైలు ఉంటే ఆ గోల అంతా సిగ్నల్లో కలిసిపోతుంది. మూడు, నాలుగు మీటర్లు దాటితే దాన్ని నమ్మలేం. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో ఒకే సిగ్నల్ రెండు తీగల మీద, ఒకటి సూటిగా, ఒకటి తలకిందులుగా వెళుతుంది. దారిలో చేరిన గోల రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి అవతల మిక్సర్ ఒకదానిలోంచి ఇంకొకటి తీసేసినప్పుడు అది కొట్టుకుపోతుంది, పాట మిగులుతుంది. ఇంకో తేడా సిగ్నల్ బలంలో ఉంది. ఇళ్లలో వాడే సామాను సిగ్నల్ మామూలుగా 0.3 వోల్టు దగ్గర ఉంటే, స్టేజీ సామానుది 1.2 వోల్టు దగ్గర ఉంటుంది. అంటే సుమారు 12 డెసిబెల్ తేడా. చిన్న సిగ్నల్ ఇస్తే మిక్సర్ దగ్గరి మనిషి గెయిన్ (సిగ్నల్‌ను పెద్దది చేసే బటన్) పెంచుతాడు, దానితో పాటే గుయ్యి, సుయ్యి కూడా పెరుగుతాయి.

ఇప్పటికే ఆర్‌సీఏ మాత్రమే ఉన్నది కొన్నవాళ్లు దాన్ని అమ్మేయక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రెండు చానెళ్ల పాసివ్ డీఐ బాక్సు, అంటే ఆర్‌సీఏ సిగ్నల్‌ను ఎక్స్‌ఎల్‌ఆర్‌కు మార్చే, కరెంటు అక్కర్లేని చిన్న పెట్టె, ఒకటి కొనుక్కోండి. కంట్రోలర్ నుంచి డీఐ వరకు ఆర్‌సీఏ వైరు మీటరు, మీటరున్నర మించకూడదు. అక్కడి నుంచి మిక్సర్ దాకా ఎక్స్‌ఎల్‌ఆర్ ఎంత దూరమైనా లాగండి. డీఐ నుంచి వచ్చేది మైకు స్థాయి సిగ్నల్, కాబట్టి దాన్ని మిక్సర్లో లైన్ ఇన్‌పుట్‌కు కాకుండా మైక్ ఇన్‌పుట్‌కే ఇవ్వాలి. ఇది తెలియక లైన్‌లో పెట్టి, సౌండు రావట్లేదని డీఐని మూలన పడేసినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఎడమ, కుడి రెండు పిన్నులనూ వై కార్డుతో ఒకే పీ-38 (పావు అంగుళం) జాక్‌లో కలిపి మోనో చేసే అలవాటు మన మైక్‌సెట్ పనిలో పాతుకుపోయింది. అది మానాలి. ఒక అవుట్‌పుట్‌ను రెండుగా చీల్చడానికి వై కార్డు పనికొస్తుంది గానీ, రెండు అవుట్‌పుట్లను ఒకటి చేయడానికి కాదు. అలా చేస్తే ఒక అవుట్‌పుట్ రెండో అవుట్‌పుట్‌ను తోసుకుంటుంది, సౌండు పలచబడి చీలుతుంది. రెంటినీ మిక్సర్లో రెండు చానెళ్లకు ఇచ్చి, ప్యాన్ (ఎడమ-కుడి) బటన్లు రెండూ మధ్యలో పెడితే మోనో అదే అవుతుంది. సెట్టింగుల్లో మోనో ఎంచుకునే వీలున్న కంట్రోలరైతే ఇంకా సులువు.

గుయ్యిమనే హమ్‌కు ఇంకో మూలం ఎర్తింగ్. ల్యాప్‌టాప్ చార్జర్ స్టేజీ దగ్గరి ప్లగ్గులో, యాంప్లిఫయర్ జనరేటర్ లైనులో ఉంటే రెండు ఎర్తుల మధ్య తేడా ఆర్‌సీఏ అల్లిక మీదుగా పారుతుంది. చార్జర్ పీకగానే హమ్ ఆగిందంటే కారణం ఇదే. ల్యాప్‌టాప్, కంట్రోలర్, మిక్సర్ మూడింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవడం మొదటి మందు, ట్రాన్స్‌ఫార్మర్ డీఐ రెండో మందు. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను విరగ్గొట్టడం మందు కాదు, ప్రాణాంతకం. మైకు పట్టుకున్నవాడికి షాక్ కొట్టేది అలాంటి చోటే.

కరెంటు విషయంలో మాత్రం చిన్న కంట్రోలర్లకే మొగ్గు. ఎఫ్‌ఎల్‌ఎక్స్4, ఎఫ్‌ఎల్‌ఎక్స్6 లాంటివి యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటాయి. హాల్లో కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటాయి. జనరేటర్ అందుకుని యాంప్లిఫయర్ లేవగానే పాట అక్కడే ఉంటుంది. డీడీజే-800, డీడీజే-1000 లాంటివి అడాప్టర్ మీద ఆధారపడతాయి, ఒక్క క్షణం కరెంటు పోయినా ఆగిపోతాయి, సాఫ్ట్‌వేర్ మళ్లీ గుర్తుపట్టేదాకా నిశ్శబ్దం. అందుకే అడాప్టర్ మోడల్ కొంటే కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్ ధర కూడా లెక్కలో వేసుకోండి.

అసలు సౌండు కార్డే లేని కంట్రోలర్లు ఉన్నాయని చాలామందికి తెలియదు. డీడీజే-200 అలాంటిదే. దానిలో హెడ్‌ఫోన్ సాకెట్ గానీ స్పీకర్ సాకెట్ గానీ ఉండదు. సౌండు ఫోను నుంచో ల్యాప్‌టాప్ నుంచో స్ప్లిటర్ వైరుతో తీసుకోవాలి, అప్పుడు స్టీరియో కాస్తా మోనో అవుతుంది. తర్వాతి పాటను హెడ్‌ఫోన్లో విడిగా వినాలంటే కంట్రోలర్ లోపల కనీసం రెండు స్టీరియో అవుట్‌పుట్లున్న కార్డు ఉండాలి. డబ్బా మీద బొమ్మలు కాదు, సాకెట్లు చూడమనేది ఇందుకే.

ఇప్పుడు ముందు వైపుకు వద్దాం. ఇక్కడ తెలుగు పాటల సంగతి వేరు. హౌస్, టెక్నో వాయించేవాళ్ల పాటలు మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో కంప్యూటర్లో తయారైనవి. రెండు పాటల వేగాన్ని కలిపే సింక్ బటన్ నొక్కితే అతుక్కుంటాయి. మన పాత సినిమా పాటలు ఆర్కెస్ట్రాతో లైవ్‌గా రికార్డయినవి, చరణంలో వేగం కాస్త పెరుగుతుంది, తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ పల్లవి దగ్గర గీసిన బీట్ గ్రిడ్ (దెబ్బ దెబ్బకూ ఒక గీత) ఒక నిమిషం తర్వాత పక్కకు జరిగిపోతుంది. రెకార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు అలాంటి పాటలకు అనాలిసిస్‌ను నార్మల్ నుంచి డైనమిక్‌కు మార్చి మళ్లీ చేయించాలి. సెరాటో అనే ఇంకో సాఫ్ట్‌వేర్లో గ్రిడ్ జరిగిన చోటల్లా కొత్త మార్కర్ పెట్టుకోవచ్చు.

తీన్మార్ అంతకంటే చిక్కు. దాని నడక ఎనిమిదింట ఆరు (6/8). ఒక్కో పెద్ద దెబ్బలో మూడు చిన్న దెబ్బలుంటాయి. సాఫ్ట్‌వేర్లు మాత్రం అన్నిటినీ నాలుగు దెబ్బల లెక్కలోకి నెట్టాలని చూస్తాయి. పెద్ద దెబ్బ నిమిషానికి 100 ఉన్న పాటను 150 అనో 133 అనో చూపిస్తాయి. ఆ లెక్క మీద నాలుగు బీట్ల లూప్ (అదే ముక్క మళ్లీ మళ్లీ రావడం) వేస్తే దెబ్బ మధ్యలో తెగుతుంది, డాన్సు చేసేవాళ్ల కాలు తడబడుతుంది. రెట్టింపు, సగం చేసే బటన్లు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే తప్పు మూడుకు రెండు, లేదా నాలుగుకు మూడు నిష్పత్తిలో ఉంది. డప్పు పెద్ద దెబ్బ మీద ట్యాప్ బటన్ కొడుతూ అసలు వేగం పట్టుకుని, ఆ అంకెను చేత్తో వేసి, గ్రిడ్ మొదటి గీతను దెబ్బ మీదికి జరపాలి. అప్పటికప్పుడు హాల్లో అయితే ఆటో లూప్ వదిలేసి, లూప్ ఇన్, లూప్ అవుట్ బటన్లతో చెవిని నమ్మి వేయాలి. కాబట్టి ఆ రెండు బటన్లు విడిగా, పెద్దగా, చేతికి అందేలా ఉన్న మోడల్ మనకు మేలు.

సింక్‌ను నమ్మలేనప్పుడు భారం పాట వేగం మార్చే పిచ్ ఫేడర్ మీద, జాగ్ వీల్ మీద పడుతుంది. పిచ్ ఫేడర్లో రెండు చూడాలి: పొడవు, మెట్లు. చౌక కంట్రోలర్లు ఫేడర్ కదలికను 128 మెట్లుగానే ల్యాప్‌టాప్‌కు చెబుతాయి. అటు 8 శాతం, ఇటు 8 శాతం, మొత్తం 16 శాతాన్ని 128తో భాగిస్తే ఒక్కో మెట్టు 0.125 శాతం. నిమిషానికి 120 దెబ్బల పాటలో అది 0.15 దెబ్బ. మీకు కావలసిన వేగం రెండు మెట్ల నడుమ పడితే సగం మెట్టు తప్పు తప్పదు. 64 దెబ్బలు గడిచేసరికి, అంటే 32 సెకన్లలో, రెండు పాటలు 20 మిల్లీసెకన్లు ఎడమవుతాయి. రెండు డప్పులు విడివిడిగా వినపడడానికి ఆ ఎడం చాలు. మంచి కంట్రోలర్లు 16,384 మెట్లు చెబుతాయి, ఈ బాధ ఉండదు. దుకాణంలోనే తేల్చుకోవచ్చు: ఒక పాట ఎక్కించి, ఫేడర్‌ను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ తెరమీద బీపీఎం (నిమిషానికి దెబ్బలు) అంకె చూడండి. 120.00 నుంచి ఒకేసారి 120.15కు గెంతితే ఆ ముక్క వద్దనండి.

జాగ్ వీల్ సైజు కన్నా దాని స్పర్శ ముఖ్యం. వీల్ పైభాగం తాకగానే పాట ఆగాలి, చెయ్యి తీయగానే నడవాలి. అంచు పట్టుకుని నెడితే మాత్రం పాట కాస్త ముందుకో వెనక్కో జరగాలి. ఈ రెండు పనుల మధ్య తికమక పడే వీల్ ఉంటే రాత్రంతా ఇబ్బందే.

సాఫ్ట్‌వేర్ విషయం కొనే ముందే అడగాలి, తర్వాత కాదు. "సెరాటోతో పనిచేస్తుంది" అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఎఫ్‌ఎల్‌ఎక్స్4 ల్యాప్‌టాప్‌కు తగిలించగానే రెకార్డ్‌బాక్స్‌లో వాయించే సౌకర్యాలు తెరుచుకుంటాయి. సెరాటోలో మాత్రం డీజే లైట్ వెర్షనే వస్తుంది, ప్రో కావాలంటే మళ్లీ డబ్బు కట్టాలి. ఎఫ్‌ఎల్‌ఎక్స్10 లాంటి పై మోడళ్లలో రెండూ కలిసే వస్తాయి. రెండు కంట్రోలర్ల ధర పోల్చేటప్పుడు ఈ తేడా కలిపి లెక్కవేయకపోతే చౌక అనుకున్నది చౌక కాదు. డబ్బు లేనివాళ్లు నేర్చుకోవడానికి మిక్స్ (Mixxx) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, చాలా కంట్రోలర్లను అది గుర్తుపడుతుంది. దొంగ వెర్షన్ల జోలికి మాత్రం వెళ్లకండి. అవి పెళ్లి మధ్యలో లైసెన్సు అడగడం ఒక ప్రమాదం, వాటితో వచ్చే వైరస్ ఇంకో ప్రమాదం.

పాట పగిలినట్టు, చిటచిటమన్నట్టు వస్తే కంట్రోలర్‌ను తిట్టకముందు ల్యాప్‌టాప్ చూడండి. సౌండు సెట్టింగుల్లో బఫర్ అనే అంకె ఉంటుంది. 128 పెడితే ఆలస్యం సుమారు 3 మిల్లీసెకన్లు, 256కు 6, 512కు 12, 1024కు 23. తక్కువైతే చెయ్యి వేసిన వెంటనే స్పందన, కానీ ల్యాప్‌టాప్‌కు ఊపిరాడదు. 256తో మొదలుపెట్టండి, చిటచిటలు వస్తే 512కు పోండి. పెళ్లి పాటలకు 512 సరిపోతుంది, స్క్రాచింగ్ చేసేవాళ్లకే తక్కువ కావాలి. విండోస్ అయితే కంపెనీ సైటు నుంచి డ్రైవర్ ముందుగానే వేసి సౌండు సెట్టింగుల్లో ఏసియో (ASIO, ఆలస్యం తగ్గించే డ్రైవర్) ఎంచుకోవాలి. పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయాలి, లేకపోతే విండోస్ కరెంటు ఆదా పేరుతో కంట్రోలర్‌నే నిద్రపుచ్చవచ్చు. వైఫై, అప్‌డేట్లు ఆపాలి. విండోస్ మామూలు సౌండును ల్యాప్‌టాప్ స్పీకర్‌కే వదిలేయాలి, కంట్రోలర్‌కు ఇస్తే మెసేజ్ వచ్చిన టింగుమన్న చప్పుడు కూడా హాలంతా మోగుతుంది. కంట్రోలర్‌ను హబ్‌కు కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి. పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, దాన్ని మౌస్, పెన్‌డ్రైవ్ పంచుకుంటే ప్యాడ్ల లైట్లు మినుకుమినుకుమంటాయి, తర్వాత కనెక్షనే పోతుంది. రెండు మీటర్ల లోపు మంచి యూఎస్‌బీ వైర్లు రెండు దగ్గర ఉంచుకోవాలి.

ఎంత మంచి కంట్రోలరైనా చెత్త ఫైలును బాగుచేయలేదు. 320 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి 2.4 ఎంబీ ఉంటుంది, అంటే ఐదు నిమిషాల పాట 12 ఎంబీ. అది 5 ఎంబీ లోపు ఉందంటే 128 అన్నమాట. హాల్లో తాళాలు, గజ్జెలు ఇసుక రాలినట్టు వినపడేది వాటిలోనే. 128ని మళ్లీ 320గా మార్చినంత మాత్రాన పోయింది తిరిగిరాదు, సైజు మాత్రం పెరుగుతుంది.

సౌండు స్థాయి గురించి ఒక్క మాట, శబ్ద కాలుష్యం వార్తలు రాసే విలేకరులు కూడా వినాలి. చెవిని బాధపెట్టేది చాలాసార్లు వాల్యూమ్ కాదు, ఎర్ర లైటు. పాటలో బాగా గట్టిగా ఉన్న చోట ట్రిమ్ (ఆ చానెల్ సిగ్నల్ స్థాయి బటన్) తిప్పి చానెల్ లైట్లు పచ్చ చివర, నారింజ మొదట్లో నిలిచేలా పెట్టాలి. మాస్టర్ ఎర్రకు తగలకూడదు. ఇంకా కావాలంటే యాంప్లిఫయర్ దగ్గర పెంచాలి. ఎర్రలో నడిపితే సిగ్నల్ తల తెగి చదునవుతుంది. ఆ చదును సిగ్నలే టాప్ బాక్సుల్లోని డ్రైవర్ డయాఫ్రమ్‌లను కాల్చేస్తుంది, పక్కింటివాళ్ల తలలు పగలగొడుతుంది. మాస్టర్ లైట్లు కనీసం ఐదారు మెట్లుగా స్పష్టంగా కనపడని కంట్రోలర్లో ఈ పని చేయడం కష్టం, కొనేటప్పుడు అదీ చూడండి.

చిన్న కంట్రోలర్ల మైకు సాకెట్‌ను పంతులుగారి మంత్రాలకో యాంకర్‌కో వాడకండి. పీ-38 జాక్‌తో వచ్చే ఆ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్ కాదు, కొన్ని మైకులకు కావలసిన ఫాంటమ్ కరెంటు ఇవ్వదు, మైకు ఈల వేస్తే ఆపడానికి సరైన ఈక్వలైజర్ ఉండదు. మైకులు నేరుగా మిక్సర్‌కే వెళ్లాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు సొంత ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్, రెండు స్పీకర్లు పట్టుకెళ్లాలి. పిచ్ ఫేడర్‌ను మధ్యలో పెట్టి వదిలేయండి, తెరమీద అంకె దానంతటది కదులుతుంటే లోపల ధూళి. ఒక పాట నుంచి ఇంకో పాటకు మార్చే క్రాస్‌ఫేడర్ పూర్తిగా ఒక వైపు ఉన్నప్పుడు రెండో పాట సన్నగా వినపడకూడదు. ప్లే, క్యూ బటన్లు ఒక్కోటి ఇరవై సార్లు నొక్కండి, అన్నిటికంటే ముందు అరిగేవి అవే. హెడ్‌ఫోన్ పిన్ను తిప్పుతూ వినండి, ఒక చెవి పోయి వస్తుంటే సాకెట్ వదులైనట్టు. యూఎస్‌బీ సాకెట్ వేలితో అటూ ఇటూ ఊపినా కనెక్షన్ తెగకూడదు. అమెరికా నుంచో దుబాయ్ నుంచో బంధువులు తెచ్చినదైతే అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చదవండి, వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే అడగండి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా సీరియల్ నంబరు రాసిన జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. వారంటీ కోసం వెళ్లినప్పుడు మొదట అడిగేది అదే.

మీ స్వయం ఉపాధి పేజీలో డీజే సామాను గురించి ఈసారి ధరల పట్టిక వేస్తే, మోడల్ పేరు, ధర పక్కన ఇంకో మూడు గళ్లు కలపమని కోరుతున్నాం: మాస్టర్ అవుట్ ఏ సాకెట్, కరెంటు ఎక్కడి నుంచి, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ ఉచితం. కంపెనీల సైట్లలో ఈ మూడూ ఉంటాయి, వెతకడానికి అరగంట పట్టదు.

– కొందరు సౌండు, డీజే పనివారు
వరంగల్